దీపాల చుట్టూ బెత్తెడు ఖాళీ

గేనర్ హోల్‌రాయిడ్‌కి ముక్కు మీద కోపమని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ కోపానికి చాలాసార్లు సరైన కారణమే ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ ఊరికి ఎగువన, కొండ వాలు మీద, ఏ గాలి వీచినా ముందుగా తగిలే ఒంటి అంతస్తు ఇళ్ల వరసలో కాపురం. కింద బజారులో కర్టెన్ల కొట్టు. ఇంట్లో మంచం దిగలేని చెల్లెలు. పైగా ఏ పనైనా సగం చేసి వదిలేసే మొగుడు. ఇన్ని నెత్తిన పెట్టుకుని మనిషి నవ్వుతూ తిరగాలంటే ఎలా తిరుగుతుంది? అయినా ఆ వీధి మగాళ్లకి ఆమె కోపం ఓ కాలక్షేపం. "గేనర్ వస్తోంది, టోపీలు పట్టుకోండ్రోయ్" అంటారు, గాలివాన వస్తున్నట్టు.

చెల్లెలి పేరు లిండ్సీ. నరాల జబ్బు. మొదట కుంటింది, తర్వాత కర్ర పట్టుకుంది, ఆ తర్వాత కాళ్లు పూర్తిగా చచ్చుబడ్డాయి. ఇప్పుడు ఎవరో ఒకరు ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెడితే తప్ప వెనక గది గడప దాటలేదు. చలి ముదిరితే ఆమె కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి. ఏడవదు. పళ్లు బిగబట్టి గోడవైపు తిరుగుతుంది. ఏడిస్తే బాగుండునని గేనర్‌కి అనిపించేది, ఆ గోడవైపు తిరగడం ఆమె చూడలేకపోయేది.

అందుకే ఆ శీతాకాలం సీలింగుకీ కప్పుకీ మధ్యనున్న అటక మీద కొత్తగా గాజు ఉన్ని పరిపించాలని పట్టుపట్టింది. పాత ఉన్ని అణిగిపోయి, ఎలుకలు కొరికిన కంబళిలా ఉంది. ఇంట్లో పుట్టిన వేడంతా కప్పులోంచి పైకి పోతోంది. మొగుడు రసెల్‌తో చెప్పింది. రసెల్ "వచ్చే శనివారం చేస్తా" అన్నాడు. శనివారం ఫుట్‌బాల్. తర్వాతి శనివారం మోకాలి నొప్పి. ఆ తర్వాతి శనివారం మళ్లీ ఫుట్‌బాల్, మోకాలు మాత్రం ఆ రోజు బాగానే ఉంది. గేనర్ ఇక అడగడం మానేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాత రెయిన్‌కోటు తొడుక్కుని, తనే నిచ్చెనెక్కింది.

పని మాత్రం ముచ్చటగా చేసింది. కిటికీ కొలవకుండా కర్టెన్ కత్తిరించేవాళ్లని ఆమె మనుషుల్లో జమకట్టదు. దూలానికీ దూలానికీ మధ్య కొలిచి, రొట్టెలు కోసే పెద్ద కత్తితో ఉన్ని చుట్టల్ని కోసి, నలగకుండా పరిచింది. చూరు దగ్గర గాలి ఆడేందుకు సందు వదిలింది. కరెంటు తీగల్ని ఉన్ని కింద పాతిపెట్టకుండా పైకి తీసి వేసింది.

చిక్కంతా లిండ్సీ గది మీదే వచ్చింది. ఆ గది సీలింగులో నాలుగు లైట్లు ఉన్నాయి, గుండ్రంగా కన్నాలు కోసి లోపలికి దించి బిగించినవి. ఒకప్పుడు అది భోజనాల గదిగా ఉన్నప్పుడు రసెల్ తన చేత్తో పెట్టాడు వాటిని. వచ్చినవాళ్లందరినీ తలెత్తి చూడమనేవాడు. పాతకాలపు హాలోజన్ బల్బులు. కిందనుంచి చూస్తే ముద్దుగానే ఉంటాయి. పైన, అటక మీద, వాటి వెనకభాగం ముట్టుకుంటే వేలు బొబ్బలెక్కుతుంది. లిండ్సీకి చూపు కూడా మందగించింది కాబట్టి, చలికాలంలో ఆ కొండ మీద మధ్యాహ్నానికే చీకటి పడుతుంది కాబట్టి, అవి పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటాయి.

కరెంటు పని చేసే నదీమ్ వచ్చి చూసి, "ఫిబ్రవరిలో వీటిని పీకేసి చల్లగా వెలిగేవి పెడతా. మీద మంటకి ఆగే టోపీలు బిగిస్తా. అప్పుడు ఉన్ని దగ్గరగా జరుపుకోవచ్చు" అన్నాడు. "అప్పటిదాకా ప్రతి లైటు చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలెయ్. మీద ఒక్క పోగు కూడా పడనివ్వకు. వేడి పైకి పోవాలి."

గేనర్ వదిలింది. ఉన్ని జారి పడకుండా తోటలోని కోళ్ల జాలీ కత్తిరించి, గుండ్రంగా వంచి, ఒక్కో లైటు చుట్టూ దడిలా నిలబెట్టింది. లైట్ల పక్కన ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాల్ని ఉన్ని మీదికి తీసి పెట్టింది. అటక కన్నంలోంచి తల కిందికి పెట్టి మొగుడికి చెప్పింది.

"రస్, వింటున్నావా? లిండ్సీ గది లైట్ల చుట్టూ ఖాళీ వదిలాను. అది మరిచిపోయి వదిలింది కాదు, కావాలని వదిలింది. ఎవరూ ముట్టుకోవద్దు."

"సరే, సరే."

"ఏమన్నాను?"

"ముట్టుకోవద్దన్నావ్." టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు రసెల్. మాట చెవిలో పడింది, బుర్రలోకి మాత్రం పోలేదు. పోయుంటే ఈ కథే లేదు.

జనవరిలో మంచు పడింది.

ఆ వీధిలో మంచు పడ్డ మర్నాడు మగాళ్లంతా చేసే పని ఒకటుంది. పారలు పట్టుకుని బయటికొచ్చి, దారి ఊడ్చేముందు తలలెత్తి కప్పుల వంక చూస్తారు. ఎవరి కప్పు మీద మంచు మందంగా, చెక్కు చెదరకుండా నిలబడిందో వాడి ఇల్లు గట్టిది, వాడు తెలివైనవాడు. ఎవరి కప్పు మీద మంచు కరిగి పలకలు బయటపడ్డాయో వాడి వేడి ఆకాశంపాలు, వాడు పనికిమాలినవాడు. ఆ పోలిక అయ్యేదాకా ఒక్క పారా కదలదు. ఇంట్లో మనుషులు వెచ్చగా ఉన్నారా లేదా అన్నది ఎవరూ అడగరు, కప్పు తెల్లగా ఉందా లేదా అన్నదే లెక్క.

హోల్‌రాయిడ్ల కప్పు మీద మంచు చక్కగా నిలబడింది, ఒక్క వెనక మూల తప్ప. అక్కడ, సరిగ్గా లిండ్సీ గది మీద, నల్లటి పలకలు తడిగా మెరుస్తూ బయటపడ్డాయి.

ఎదురింటి ట్రెవర్ మిడ్జ్‌లీ కళ్లలో ముందు పడింది. పడకుండా ఎలా ఉంటుంది? ఇతరుల కప్పులు చూడ్డానికే దేవుడు వాడికి మెడ పొడుగ్గా పెట్టాడు.

"ఏంటి రస్, అటక మీద గంజాయి తోట వేశావా?" అన్నాడు వీధంతా వినబడేలా. "పోలీసు హెలికాప్టర్ తిరుగుతుంది, జాగ్రత్త. కాస్త కోతకొచ్చాక మాక్కూడా పంపు."

అందరూ పారల మీద వాలి నవ్వారు. ఆ ఊళ్లో అది పాత ఎకసెక్కమే. మంచు నిలవని కప్పు కింద వేడి దీపాలు పెట్టి ఎవడో మొక్కలు పెంచుతున్నాడని అర్థం. రసెల్ కూడా నవ్వాడు. కానీ ఆ కప్పు పలకలు అతను స్వయంగా మార్చినవి. ఆ లైట్లు అతను స్వయంగా పెట్టినవి. వీధి మధ్యలో తల కొట్టేసినట్టయింది అతనికి.

"మా ఆవిడ పరిచింది ఉన్ని," అన్నాడు. "అక్కడక్కడ కన్నాలు వదిలేసినట్టుంది."

"కర్టెన్లు వేరు, కప్పు వేరు గురూ," అన్నాడు ట్రెవర్. "శనివారం ఆవిడ కొట్టుకి పోతుందిగా. నేను పైకెక్కుతా, నువ్వు కిందనుంచి ముక్కలు అందించు. అరగంట పని. రెండు గ్లాసుల బీరు పోయించు చాలు."

శనివారం గేనర్ కొట్టుకి పోయింది. ట్రెవర్ పైకెక్కాడు. మిగిలిన ఉన్ని ముక్కల్ని రసెల్ కిందనుంచి అందించాడు. ట్రెవర్ గేనర్ నిలబెట్టిన జాలీల్ని కాలితో తొక్కి చదును చేసి, ప్రతి ఖాళీనీ కూరి కూరి నింపి, డబ్బాల్ని కూడా లోపలికి తోసి, మీద ఇంకో పొర కప్పి, చేతులు దులుపుకుని దిగాడు. ఇద్దరూ వెళ్లి బీరు తాగారు. గేనర్‌కి ఒక్క మాట చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామని అట.

ఆదివారం మళ్లీ మంచు పడింది. ఈసారి కప్పంతా తెల్లగా నిలిచింది. రసెల్ పారతో బయటికెళ్లి దారి ఊడవడానికి మామూలుకంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. లోపల గేనర్ లిండ్సీ కాళ్లు పట్టి చూసి, "ఈ రెండు రోజులూ కాస్త మెత్తబడ్డాయే" అంది సంబరంగా. తను పరిచిన ఉన్నే పనిచేస్తోందనుకుంది పాపం. ఆ సంబరం తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండేది.

బుధవారం సాయంత్రం కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి లిండ్సీ గదిలో మంచం తలాపు మీది లైటు ఆరిపోయి ఉంది.

"బల్బు పోయినట్టుంది, మారుస్తానుండు" అంది గేనర్.

"వద్దులే, వస్తుంది" అంది లిండ్సీ.

"బల్బు ఎలా వస్తుందే?"

ఆ మాట ముగిసీ ముగియకముందే లైటు దానంతటదే వెలిగింది. గేనర్ దాని వంక చూసింది. లిండ్సీ మాత్రం చూడలేదు, దుప్పటి అంచు సర్దుకుంటోంది. లైటు రింగు చుట్టూ తెల్లటి సీలింగు మీద లేత గోధుమరంగు మచ్చ, టీ ఒలికితే ఆరిపోయాక మిగిలేలాంటిది. గదిలో ఒక వాసన. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోతే వచ్చే వాసన.

గేనర్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తలుపు పక్కన స్విచ్ ఆపేసింది. మెయిన్ దగ్గరికి పోయి ఆ గది దీపాల మీట కూడా దించింది. చెల్లెలి మంచం పక్కన టేబుల్ లైటు వెలిగించి, కోటు కూడా విప్పకుండా నిచ్చెన వేసుకుని టార్చి పట్టుకుని అటకెక్కింది.

పైన తను వదిలిన నాలుగు ఖాళీల్లో ఒక్కటీ లేదు. నున్నగా, మెత్తగా, ఎవరో పక్క వేసినట్టుంది. ఆమె మోకాళ్ల మీద పాకుతూ పోయి తలాపు లైటు మీది ఉన్నిని రెండు చేతులా పీకింది. పీకుతుంటే వేడి మొహానికి కొట్టింది. అడుగున ఉన్ని గట్టిపడి, గోధుమరంగుకి తిరిగి, చేతిలో పొడిపొడిగా రాలింది. గాజు ఉన్ని అంటుకోదు, నిజమే. కానీ అది పట్టి ఉంచిన వేడికి తీగ మీది తొడుగు కరిగి డబ్బాకి అతుక్కుపోయింది. డబ్బా వేడెక్కి ఆగిపోయి, చల్లారి మళ్లీ వెలిగించి, మళ్లీ ఆగిపోయి, అలా ఎంతసేపటినుంచి ప్రాణం నిలుపుకుంటూ వస్తోందో. పక్కనే చెక్క దూలం అంచు నల్లగా మాడింది. ఆ దూలానికి సరిగ్గా కింద లిండ్సీ తల పెట్టుకునే దిండు.

గేనర్‌కి ముందు భయమేసింది. నిచ్చెన దిగేలోపు ఆ భయం కోపంగా మారింది. ఆమెకి ఏదైనా అలాగే మారుతుంది.

వంటగదిలో రసెల్ కాల్చిన బ్రెడ్డు మీద చిక్కుడు గింజలు పోసుకుని తింటున్నాడు. గేనర్ మాడిన ఉన్ని ముద్దని తెచ్చి సరిగ్గా ఆ పళ్లెంలో పడేసింది.

"తిను," అంది.

"ఏంటిది?"

"నువ్వు కూరిన ముక్క. లిండ్సీ నెత్తి మీద కాలుతున్న ముక్క. తిను, రుచి చూడు."

రసెల్ ముద్దని ఫోర్కుతో అటూ ఇటూ కదిపాడు. "నేను పైకెక్కలేదు గేనర్, నా మోకాలు..."

"నీ మోకాలు తగలెయ్య. ఎవరు ఎక్కారు?"

"ట్రెవర్. సాయానికొచ్చాడు."

"నేను ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పావ్. అంటే... గుర్తులేదు. మంచు కరిగిపోతోంది కదా, లిండ్సీకే కదా చలి. ఆ పిల్ల కోసమే కదా చేసింది."

"అబద్ధం. ఆ పిల్ల కోసం చేసినవాడివి నాకు చెప్పి చేసేవాడివి. నువ్వు ఆ కప్పు కోసం చేశావ్. నలుగురు పనిలేని వెధవలు పారలు పట్టుకుని నవ్వితే సిగ్గుతో చచ్చిపోయావ్. దానికోసం మంచం దిగలేని మనిషి మీద నిప్పు పెట్టావ్."

"నిప్పు పెట్టానంటావేంటే? ఇంత కాలం ఆ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఏమైంది?"

"ఇంత కాలం వాటికి ఊపిరి ఆడింది."

అది చెప్పి ఆమె ఆ ముద్దని పళ్లెంలోంచి తీసుకుంది, చిక్కుడు గింజలతో సహా. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో వీధి దాటింది. ట్రెవర్ తలుపు తీసి, గేనర్ మొహం చూసి, ఏదో చమత్కారం నాలిక చివరికి వచ్చినట్టుంది, నోరు తెరిచాడు.

"ఇది నీది," అని ముద్దని అతని చేతిలో పెట్టింది గేనర్. "నువ్వు కూరింది. మాడింది చూడు. కింద దూలం కూడా మాడింది. దాని కింద మా చెల్లెలు పడుకుంటుంది. అది లేవలేదని నీకు తెలుసు. క్రిస్మస్‌కి కేకు ముక్క నోటికందించిందీ నువ్వే."

ట్రెవర్ చేతిలోని దాన్ని చూశాడు. "సాయం చేద్దామని..."

"నిన్నెవరడిగారు సాయం? ఎవరో మనిషి జాలీ కత్తిరించి, గుండ్రంగా వంచి, నాలుగు లైట్లకీ నాలుగు దడులు కట్టిపెడితే, అవి ఎందుకున్నాయో ఒక్క క్షణం ఆలోచించావా? ఆడమనిషి చేసింది కాబట్టి తప్పే అయ్యుంటుందనుకుని కాలితో తొక్కావ్."

ట్రెవర్ పొడుగు మెడ కిందికి వంగింది. ఆ వీధి చరిత్రలో అది కొత్త. వీధిలో ఒకటి రెండు కర్టెన్లు కదిలాయి, అందులో సగం గేనర్ కుట్టినవే. ఆమె పట్టించుకోకుండా వెనక్కి తిరిగింది. చెప్పులు తడిసి పాదాలు మొద్దుబారాయి. లోపలి మంట ఇంకా ఒక్క పిసరు తగ్గలేదు. ఇంటికెళ్లి మొగుణ్ని ఇంకో విడత కడిగేయాలని దారిలోనే మాటలు పేర్చుకుంది.

రసెల్ నడవాలో నిలబడి ఉన్నాడు, నిచ్చెన పట్టుకుని. "పీకేస్తా అన్నీ, ఇప్పుడే," అన్నాడు.

"నువ్వు దేన్నీ ముట్టుకోకు. నువ్వు ముట్టుకున్నదే చాలు. నీకు లిండ్సీ బరువైతే బరువని చెప్పు..."

"బరువని నేనెప్పుడన్నానే? ఎత్తేది ఎవరు రోజూ? నువ్వా? పొద్దునా సాయంత్రం ఈ మోకాలితో..."

"గేనర్." వెనక గదిలోంచి పిలుపు. లిండ్సీ గొంతు పెద్దది కాదు. ఇద్దరూ వినిపించుకోలేదు.

"మోకాలు, మోకాలు! ఆ మోకాలు శనివారం బార్‌కి నడవలేదా?"

"ఆ గది వల్ల ఈ ఇంట్లో ఒక్క రోజు..." అని రసెల్ ఆగిపోయాడు, కానీ ఆలస్యంగా ఆగాడు.

ఏదో గోడకి తగిలి భళ్లున పగిలింది. టీ కప్పు. లిండ్సీ తన బలమంతా పెట్టి విసిరినట్టుంది. ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. తలుపు పక్క గోడ మీద టీ కారుతోంది. మంచం మీద లిండ్సీ రొప్పుతోంది, చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"మాట్లాడనిస్తారా?" అంది.

"కాలిందా? వేడి టీయా?" అని గేనర్ దగ్గరికి వెళ్లబోయింది.

"అక్కడే ఆగు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా. శనివారం నుంచీ తెలుసు. ట్రెవర్ నా నెత్తి మీదే కూర్చుని ఇంకో ముక్క అందించు రస్ అన్నాడు. నాకు చచ్చింది కాళ్లు, చెవులు కాదు. నువ్వు అటక మీంచి ఖాళీ ముట్టుకోవద్దని రస్‌కి చెప్పిందీ విన్నాను. సోమవారం నుంచి ఆ లైటు ఆరుతోంది, వెలుగుతోంది. మచ్చ మొదట పెన్నీ బిళ్లంత ఉండేది. రోజంతా సీలింగు చూస్తూ పడుకునేదాన్ని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?"

గేనర్ తలెత్తి సీలింగు మీది మచ్చని చూసింది. "మరి చెప్పవేమే? నోరు పడిపోయిందా?"

"చెబితే ఇదే కదా జరిగేది." లిండ్సీ తలుపు వైపు చూపించింది. "మీరిద్దరూ కుళాయి గురించి మొదలుపెట్టినా, పిల్లి గురించి మొదలుపెట్టినా, చివరికి వచ్చి నా మంచం దగ్గరే ఆగుతారు. ఇప్పుడూ అక్కడే ఆగారు. నువ్వు అరుస్తావ్. రస్ ఏదో అనబోయి మింగేస్తాడు. ఏదో ఒక రోజు మింగడు. నన్ను ఏ ఆశ్రమంలోనో పెట్టేద్దామంటాడు. నాకు లైటు కంటే అదే ఎక్కువ భయం."

"నేనెప్పుడూ..." అన్నాడు రసెల్.

"అనలేదు. తెలుసు. అందుకే రోజూ భయం."

"అంటుకునుంటే?" అంది గేనర్. "నేను కొట్లో ఉన్నప్పుడు అంటుకునుంటే?"

లిండ్సీ దుప్పటి అంచు సర్దుకుంది. "పగలైతే రస్ గ్యారేజీలో పనిలో ఉంటాడు, నువ్వు కొట్లో ఉంటావ్. మీకేం కాదు కదా అనుకున్నా."

గేనర్ గోడకి ఆనుకుంది. కోపం వచ్చింది, ఆమెకి తెలిసింది అదొక్కటే కదా. రసెల్ మీద, ట్రెవర్ మీద, మంచు మీద, మంచంలో వెర్రిదానిలా పడుకుని మచ్చ పెరగడం చూస్తూ ఊరుకున్న ఈ చెల్లెలి మీద. "నీకు బుద్ధుందా?" అని అరిచింది, ఏడుపు కలిసిన అరుపు. "కనీసం ఆ లైటన్నా ఆపేయించుకోకూడదూ?"

"స్విచ్ ఎక్కడుంది?" అంది లిండ్సీ.

గేనర్ తిరిగి చూసింది. స్విచ్ తలుపు పక్కన ఉంది. మంచానికి గది అవతల. కొత్త గోడ రంగుకి సరిపోయేది కావాలని తనే ఏరి ఏరి కొన్న స్విచ్.

"నా నెత్తి మీద ఏముండాలో మీరంతా తేల్చుకున్నారు," అంది లిండ్సీ. ఇప్పుడామెకి కూడా కోపం వచ్చింది, పెదాలు అదురుతున్నాయి. "లైట్లు రస్ పెట్టాడు. ఉన్ని నువ్వు పరిచావ్. ఖాళీ సంగతి నదీమ్ నీకు చెప్పాడు, నువ్వు రస్‌కి చెప్పావ్. ట్రెవర్ వచ్చి పూడ్చాడు. దాని కింద పడుకునే మనిషికి ఒక్కరు చెప్పారా? నువ్వు చెప్పావా గేనర్? అటక మీంచి వినబడితే విన్నాను. లేకపోతే అదీ లేదు."

గేనర్ చెప్పలేదు. అది నిజం. వీధిలో అందరితో కయ్యం పెట్టుకుని చెల్లెల్ని కాపాడుకుంటూ వచ్చింది, ఆ చెల్లెలితో మాత్రం ఒక్క మాట మాట్లాడాలని తోచలేదు. ఆ నిజం ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. తిరిగి కొట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆ సాయంత్రం రసెల్ మోకాలి మాట ఎత్తకుండా అటకెక్కి, కూరిందంతా పీకి, సంచుల్లో కట్టి దించాడు. దిగాక లిండ్సీ మంచం దగ్గర నేల మీద కూర్చుని, పగిలిన కప్పు పెంకులు ఏరాడు. ఏరుతూ, "నువ్వెక్కడికీ పోవడంలేదు, సరేనా తల్లీ?" అన్నాడు. లిండ్సీ "చూద్దాం" అంది. క్షమించినట్టు లేదు ఆ గొంతు.

మర్నాడు పొద్దున్నే గేనర్ కొట్టు తెరవకుండా నదీమ్ ఇంటికి పోయింది. ఫిబ్రవరి అన్నాను కదా అని అతను అనబోయాడు. ఆమె చూపు చూసి, బండి తాళాలు తీసుకున్నాడు.

నదీమ్ గదిలోకొచ్చి సీలింగు చూసి నాలిక కరుచుకున్నాడు. మాడిన తీగ కత్తిరించి పక్కన పడేశాడు. తర్వాత, అలవాటు ప్రకారం, మంచానికి ఇటు గేనర్‌నీ అటు రసెల్‌నీ చూస్తూ, "కొత్తవి ఎక్కడ పెడదాం? పాత కన్నాల్లోనేనా?" అని అడిగాడు.

"పాతవాటిలోనే పెట్టు, టోపీలు మాత్రం..." అంది గేనర్.

"కన్నాలు ఉన్నాయి కదా, మళ్లీ కొయ్యడమెందుకు..." అన్నాడు రసెల్.

"నా తల మీద వద్దు," అంది లిండ్సీ.

ముగ్గురూ తలలు దించి మంచం వైపు చూశారు.

"అది పూడ్చెయ్. నాకు చదువుకోడానికి పక్కన ఒకటి చాలు. కాళ్ల వైపు ఒకటి పెట్టు, తలుపు దగ్గరొకటి. టోపీలు పెట్టాక నాకు ఫోన్‌లో ఫోటో తీసి చూపించు, పైన ఎలా ఉందో. స్విచ్ ఆ గోడకి కాదు. తాడు లాగేది పెట్టు, ఈ చేతికందేలా. ఇదిగో, ఇక్కడికి." చెయ్యి ఎత్తి చూపించింది. చెయ్యి వణికింది, దించలేదు. "కుడి చెయ్యి ఎక్కువ రోజులు పనిచెయ్యదేమో. ఎడమ వైపు కూడా ఒకటి పెట్టు."

"ఎందుకే అలా అంటావ్, కుడి చేతికేమైందిప్పుడు? నదీమ్, నువ్వు ఒక్కటే..." అని గేనర్ అందుకుంది.

"నువ్వు కాసేపు నోరు మూసుకో గేనర్," అంది లిండ్సీ. "నేను మాట్లాడుతున్నాను."

గేనర్‌కి ఒళ్లు మండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. అనడానికి వంద మాటలు నోటిదాకా వచ్చాయి. ఆమె గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, నోరు మూసుకుంది.